రోజుపుస్తకంలో ఎర్ర సిరా

జూన్ 16

అమ్మాయీ,

నలభై రెండేళ్ల కిందట ఇలాంటి జూన్ నెలలోనే, బడి తెరిచే రోజు పొద్దున తొమ్మిదింటికల్లా అక్కడుంటానని మీ నాన్న నాకు మాటిచ్చాడు. ఉపాధ్యాయ శిక్షణ ఇద్దరం కలిసే పూర్తి చేశాం. ఆ ఊరికి బడి లేదని విని, పెద్దపిల్లలకి నేను, చిన్నపిల్లలకి తను అని పంచుకున్నాం. నేను ముందుగా వెళ్లి ఊరివాళ్లతో గోడలు లేపించాను. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డాను. పదైంది, పన్నెండైంది. "రెండో మేష్టారేరండీ?" అని ఊరివాళ్లు అడిగారు. "బస్సు తప్పిపోయుంటుంది" అన్నాను. వారం తర్వాత ఒక కార్డు వచ్చింది. విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరాను, క్షమించు అని. కారణం లేదు.

నిన్ను తిప్పితిప్పి అదే బడికి వేశారని నీ ఉత్తరంలో చదివాక కూర్చోబుద్ధి కాలేదు. గదిలో తిరిగాను. నా గదిలో తిరగడమంటే పుస్తకాల గుట్టల మధ్య అడుగులు వెతుక్కోవడం. కింద ప్రెస్సు మిషను ఆడుతుంటే కిటికీ అద్దాలు వణుకుతాయి. పాతికేళ్లు అక్కడే ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు దిద్దేవాళ్లు లేరు, అచ్చు మాత్రం ఆగలేదు.

బీరువాలో నా పదకొండేళ్ల రోజుపుస్తకాలు దొరికాయన్నావు. మళ్లీ మొదలుపెట్టాలంటే పద్ధతి తెలుసుకుని మొదలుపెట్టు. రోజుకొక పిల్లో పిల్లాడో, ఆ రోజు బడిలో జరిగిందో తనకు తోచిందో ఒక పేజీ రాయాలి. మర్నాడు పొద్దున ఆ పేజీలో ఉన్నదంతా, ఒక్క ముక్క వదలకుండా, నిలబడి పైకి చదవాలి. పెద్దవాళ్ల కలం ఆ పుస్తకాన్ని ముట్టుకోకూడదు. దిద్దితే పిల్లలు మనకి నచ్చేది రాస్తారు. అది మనకి తెలిసిందే కదా, మళ్లీ చదవడమెందుకు?

మీ నాన్న సంగతులు నాకు రాయకు. పోయి మూడేళ్లయింది కదా అంటావు. పోయినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు.

ఆశీస్సులు ఉన్నాయి. అవి మొహమాటానికి రాసినవి కావు.

నీ పెదనాన్న

జూలై 9

పెదనాన్నా,

ఫోను ఎత్తని మనిషికి ఉత్తరమే గతి కనుక కలం పట్టాను. అమ్మ మీకు నమస్కారం చెప్పమంది. చెప్పాక మీరేమంటారో కూడా తనే చెప్పింది. ఆ మాట రాయను.

బడి ఒకటే గది. మధ్యలో బీరువా అడ్డం పెట్టి రెండు చేశాను. ఇటు చిన్నవాళ్లు ఎనిమిది మంది, అటు పెద్దవాళ్లు తొమ్మిది మంది. నేను బీరువా పక్కన నిలబడి రెండు వైపులా పాఠం చెబుతాను. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఆయా ఒకావిడ ఉంది. గంట కొడుతుంది, తుడుస్తుంది, నా లెక్కల పాఠంలో తప్పులు పడుతుంది.

ఒక విషయం మీకు తెలియాలి. ఫిబ్రవరిలో కమిటీ వస్తుంది. ఆ రోజు పదహారు మందికి తక్కువుంటే బడి ఎత్తేసి, కాలువ అవతల ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు. అంత దూరం చిన్నపిల్లల్ని ఎవరు పంపుతారు? నాకున్న పదిహేడులో పదకొండు మంది ఆడపిల్లలు. బడి దూరమైతే వాళ్లలో సగానికి చదువు అక్కడితో సరి. నేనింకో చోటికి వెళ్తాను, నాకేం. వాళ్లకి వెళ్లే చోటు లేదు.

రోజుపుస్తకం మొదలైంది. మొదటి పేజీ మీకోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఈ రోజు టీచరుగారు ఏడుసార్లు తుమ్మారు. తుమ్మినప్పుడల్లా లెక్క మర్చిపోయారు. రోజూ తుమ్మితే బాగుండు." మర్నాడు రాసిన పిల్లాడే నా ముందు నిలబడి చదివాడు. కలం ముట్టుకోలేదు. ముట్టుకోవాలని మాత్రం అనిపించింది.

మీ అమ్మాయి

జూలై 20

అమ్మాయీ,

ఏడుసార్లు తుమ్మినవాళ్లు మందేసుకోవాలి. పిల్లాడు లెక్క సరిగ్గానే రాశాడు, ఎనిమిదంటే నమ్మేవాణ్ణి కాదు.

బీరువా అడ్డం పెట్టి రెండు గదులు చేసి ఒక్క మనిషి పాఠం చెప్పడమంటే ఏమిటో నాకు కొత్తగా చెప్పకు. రెండో మేష్టారిని వెయ్యమని పదకొండేళ్లలో పదిహేడు అర్జీలు పెట్టాను. అవన్నీ ఏ ఆఫీసుకి వెళ్లేవో, అక్కడ ఎవరి బల్ల మీద కూర్చునేవో నీకు తెలుసు. చివరికి గొంతు పోయింది. గుసగుసగా పాఠం చెబితే పిల్లలు నవ్వారు. అప్పుడు రాజీనామా ఇచ్చాను. తర్వాత నన్నడిగినవాళ్లు లేరు, నేను వెనక్కి చూసిందీ లేదు. చూడలేదంటే రోజూ చూశానని అర్థం, అది వేరే సంగతి.

నీ దస్తూరీ అచ్చం మీ నాన్నది. మార్చుకో. చదువుతుంటే ఒళ్లు మండుతోంది.

పిల్లలు రాసినవి ఇంకా పంపు.

పెదనాన్న

అక్టోబర్ 3

పెదనాన్నా,

దస్తూరీ మార్చుకునే వయసు దాటిపోయింది. మీరే కళ్లద్దాలు మార్చుకోండి.

ఈ మూడు నెలల్లో మేం చేసినవి చెబుతాను. వానలు పడినన్నాళ్లూ వెడల్పు మూతి సీసా ఒకటి గుమ్మం బయట పెట్టి, రోజూ పొద్దున అందులో నీళ్లు ఎన్ని వేళ్లున్నాయో కొలిచాం. ఎవరి వేళ్లతో కొలవాలని రెండు రోజులు కొట్లాట. చివరికి అందరూ ఆయా వేళ్లకి ఒప్పుకున్నారు. ఊళ్లో బావి లోతు కొలిచాం. ఎనభై ఏళ్ల మామ్మ ఒకావిడ వచ్చి, తను చిన్నప్పుడు ఆ బావి ఇంకా పైకి ఉండేదని చెప్పింది. "బావి దిగిందా, నీళ్లు దిగాయా" అని పిల్లలు అడిగితే, "నేనే దిగాను" అంది. తాపీమేస్త్రి ఒకాయన వచ్చి తాడుతో గోడ మూల ఎలా సరిచూస్తారో నేర్పాడు. నేను బోర్డు మీద నెలరోజులు చెప్పినా ఎక్కని కోణం అరగంటలో ఎక్కింది. మేస్త్రి చెయ్యి తిరిగిన మనిషి, మాట మాత్రం పెళుసు. మీ దగ్గర చదువుకున్నాడట. పద్యం రాక మోకాళ్ల మీద నిలబడ్డానని గొప్పగా చెప్పుకుంటాడు.

చెడు కబురొకటి. ఒక కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. పదిహేడు పదహారైంది. ఇంకొకరు కదిలితే అంతే సంగతులు. పొద్దున్నే తలుపు తీసి మొదట చేసే పని తలలు లెక్కపెట్టడం. జలుబు చేసి ఒకరు రాకపోతే నాకు జ్వరం వస్తోంది.

ఒక పని చేసి పెట్టాలి. ఏడాది మొత్తం మీద కమిటీకి ఒక నివేదిక ఇవ్వాలి. నేను రాస్తే ఆఫీసు కాగితంలా ఉంటుంది. మీరు రాయండి. డిసెంబరు సెలవుల్లో రోజుపుస్తకమే పంపుతాను, బస్సు డ్రైవరు తెచ్చిస్తాడు. సెలవులయ్యేలోగా వెనక్కి పంపాలి.

మీ అమ్మాయి

డిసెంబర్ 28

అమ్మాయీ,

పుస్తకం ఈ ఉత్తరంతోపాటే డ్రైవరుకిచ్చాను. నాలుగు రోజులు ఇంకో పుస్తకం తెరవలేదు. ఈ గదిలో ఎంతమంది మహానుభావుల పుస్తకాలున్నాయో నీకు తెలుసు. వాళ్లలో ఒక్కడైనా "పెద్దవాళ్లకి కోపం వస్తే మంచినీళ్లు తాగుతారు, పిల్లలకి వస్తే తాగనివ్వరు" అని రాయగలిగాడా? మూడో తరగతి పిల్ల రాసింది. తిరుగుతూ చదివాను, చదువుతూ తిరిగాను. కింద ప్రెస్సువాడు వచ్చి "ఏం మేష్టారూ, పైన ఎవరైనా పరుగెడుతున్నారా" అన్నాడు.

నివేదిక చిత్తు కాగితం మీద రాశాను, లోపల ఉంది. పిల్లల మాటలే ఎక్కువ పెట్టాను, నావి తక్కువ.

చివరి పేజీలో మాత్రం ఒకచోట చిన్న దిద్దుబాటు చెయ్యాల్సొచ్చింది. పాతికేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. ఏమీ అనుకోకు.

పెదనాన్న

జనవరి 6

పెదనాన్నా,

ఏమీ అనుకోకు అన్నారు. ఏం జరిగిందో చెబుతాను, తర్వాత మీరే అనుకోండి.

సెలవులయ్యాక మొదటి రోజు. పుస్తకం ముందురోజు సాయంత్రమే చేతికొచ్చింది, తెరిచి చూసుకోలేదు. అది నా తప్పు. చివరి పేజీ రాసింది మేస్త్రి మనవరాలు. ఎనిమిదేళ్లు, పుస్తకం రెండు చేతులా పట్టుకుని చదువుతుంది. పేజీలో ఉన్నదంతా, ఒక్క ముక్క వదలకుండా చదవాలి కదా. మీరు పెట్టిన పద్ధతే.

చదివింది: "మా బడి కప్పు చిన్నమేష్టారు వేశారు. మా తాత పెంకులు అందించాడు. చిన్నమేష్టారు మన టీచరుగారి నాన్న. బడి ఆయనే పెట్టారు." ఆగి, పేజీ పక్కకి తిప్పి, మీ ఎర్ర అక్షరాలు కూడా అదే గొంతుతో చదివింది: "అబద్ధం. ఆ మనిషి ఈ బడి గుమ్మం తొక్కలేదు. వస్తానని మాటిచ్చి ఎగ్గొట్టాడు. పిల్లలకి నిజం నేర్పండి."

పదిహేను మంది నా మొహం చూశారు. ఆయా గంట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పిల్ల నన్నడిగింది, "టీచరుగారూ, అబద్ధం చెప్పింది నేనా, మా తాతా?" అని. నాకే తెలియదు. నాన్న బడికి కప్పు వేశారని నేనూ అదే మొదటిసారి వినడం.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "నా మనవరాలిని అబద్ధాలకోరని రాతపూర్వకంగా అన్నచోట ఉంచనండి" అన్నాడు. మర్నాటి నుంచి సైకిలు మీద కాలువ అవతలి బడికి దింపుతున్నాడు. పదిహేను మంది. కమిటీ వచ్చేది వచ్చే నెల పద్నాలుగున.

మీ దిద్దుబాటు చిన్నదే. అచ్చంగా ఒక తల తగ్గింది.

పుస్తకంలో ఎవరూ రాయడం లేదు. వంతు వచ్చినవాళ్లు తేదీ వేసి మూసేస్తున్నారు.

జనవరి 13

అమ్మాయీ,

సంతకం చెయ్యడం మర్చిపోయావు. కోపమొస్తే మీ నాన్నకీ అదే అలవాటు.

బడి నేను పెట్టాను. గోడ నేను లేపించాను. అది వేరేవాళ్ల పేరున పుస్తకంలోకెక్కితే చూస్తూ ఊరుకోమంటావా? ఇవాళ పిల్ల రాసింది రేపు ఊరు నమ్ముతుంది. ఎన్ని చరిత్రలు చదివాను, అన్నింటిలోనూ ఇదే. పని చేసినవాడు బయట, ఆఫీసులో కూర్చున్నవాడు లోపల. నేను అబద్ధాన్ని అబద్ధం అన్నాను.

పుస్తకాన్ని ముట్టుకోకూడదన్న నియమం నేనే పెట్టాను, నేనే తప్పాను, ఒప్పుకుంటాను. కానీ ఆ మేస్త్రి మాట ఏమిటి? కప్పు వేశారట. ఎప్పుడు? పదకొండేళ్లు నేనున్నాను, ఎవరూ రాలేదు. ఇదేదో మీ నాన్న కట్టిన కథ, వాడు మోస్తున్నాడు. వెళ్లి నిలదీసి అడుగు.

పెదనాన్న

జనవరి 24

పెదనాన్నా,

అడిగాను. వాళ్లింటి అరుగు మీద గంటసేపు కూర్చున్నాను. ఆయన పని ఆపకుండానే చెప్పాడు.

మీరు వెళ్లిపోయిన రెండేళ్లకి పెద్దగాలికి బడి కప్పు ఎగిరిపోయిందట. కొత్త మేష్టారు సెలవు పెట్టి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఊరివాళ్లు ఆఫీసుకి వెళ్లారు. నాన్న కాగితం మీద సంతకం చేయించి, ఆ కాగితంతోపాటు తనూ వచ్చేశారు. పదిహేను రోజులున్నారు. పొద్దున చెట్టు నీడన పిల్లలకి పాఠం, మధ్యాహ్నం నుంచి కప్పు మీద పెంకులు. ఊరు ఆయన్ని చిన్నమేష్టారు అన్నది అప్పుడే. మనవరాలు ఆ కథ విని, బడి మొత్తం ఆయనే పెట్టారనుకుంది. అది పిల్ల తప్పు. "తప్పని చెప్పొచ్చు, నేనూ చెప్పేవాణ్ణే. గుమ్మం తొక్కలేదని రాశారే, అది మాత్రం పెద్దాయన తప్పు" అన్నాడు మేస్త్రి.

ఇంకొకటి చెప్పాడు. మీకు రాయాలా వద్దా అని మూడు రోజులు నలిగాను. కప్పు మీద కూర్చుని ఒకరోజు ఆయన నాన్ననడిగాడట, "మొదట్లోనే ఎందుకు రాలేదండీ, మా మేష్టారు ఆ రోజు పొద్దుపోయేదాకా గుమ్మంలోనే ఉన్నారు" అని. బడి తెరవడానికి వారం ముందు మా తాతయ్యకి, అంటే మీ నాన్నగారికి, చూపు పోతోందని డాక్టరు చెప్పాడట. తాతయ్య నాన్నని కూర్చోబెట్టి, నువ్వు ఉండిపో, పెద్దవాడికి మాత్రం చెప్పొద్దు, తెలిస్తే బడి వదిలేసి వచ్చేస్తాడు అని ఒట్టేయించుకున్నారు. అందుకే దగ్గర్లో దొరికిన గుమాస్తా పనిలో చేరారు. అమ్మనడిగాను. నిజమే అంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "ఆయన చెప్పొద్దన్నారు, మీ పెదనాన్న అడగలేదు" అంది.

మీ అమ్మాయి

ఫిబ్రవరి 1

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది.

ఏటా సెలవులకి ఇంటికి వెళ్లేవాణ్ణి. మా నాన్న పేపరు నా చేతికిచ్చి, "అద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోయాను, నువ్వు చదువు" అనేవాడు. ఏటా అదే మాట. మతిమరుపు మనిషి అనుకుని చదివి పెట్టేవాణ్ణి. ఇంటినిండా అక్షరాలు చదివాను కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని చదవలేదు.

ఇంకేమీ రాయలేను.

ఫిబ్రవరి 17

పెదనాన్నా,

వస్తున్నట్టు ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? శనివారం నేను మీటింగుకి వెళ్లి ఆరింటికి తిరిగొస్తే ఊరంతా నాకే కబురు చెప్పడం మొదలుపెట్టింది. మీరు నాలుగు గంటల బస్సుకే వెళ్లిపోయారట. ఆయా ఇచ్చిన మంచినీళ్లు తాగి గ్లాసు మీరే కడిగి పెట్టారట. అది చెప్పింది ఆయా. మిగతాది మేస్త్రి చెప్పాడు.

నేరుగా వాళ్లింటికి వెళ్లి, "ఏరా, మనవరాలిని బడి మానిపించావట?" అన్నారట.

"మానిపించలేదండీ, మార్పించాను. అబద్ధమాడేవాళ్ల పక్కన కూర్చోవద్దని మీరే కదా నేర్పారు."

"అబద్ధమాడింది నేనా?"

"పిల్ల రాసింది సగం తప్పు. మీరు రాసింది సగం తప్పు. దానికి ఎనిమిదేళ్లు. మీకెన్ని?"

మీరు అరుగు మీద కూర్చుండిపోయారట. "పుస్తకం తెప్పించు, ఆ మాట కొట్టేస్తాను" అన్నారట. అప్పుడా పిల్ల లోపల్నుంచి వచ్చి, "పెద్దవాళ్లు పుస్తకం ముట్టుకోకూడదు. మీరు చెప్పండి, నేను రాస్తాను" అంది. ఆయా తాళం తీసింది. తాతా మనవరాలూ మీరూ బడికెళ్లారు. నెల రోజుల ఖాళీ పేజీల తర్వాత అది రాసింది ఇదిగో:

"ఈ రోజు శనివారం. టీచరుగారు లేరు. పెద్దమేష్టారు వచ్చారు. ఆయన మా తాతని ఏరా అన్నారు. బడి పెట్టింది పెద్దమేష్టారు. నేను తప్పు రాశాను. కప్పు వేసింది చిన్నమేష్టారు. ఆయన గుమ్మం తొక్కారు. పెద్దమేష్టారు తప్పు రాశారు. ఎర్ర సిరా పోదని తాత చెప్పాడు. పెద్దమేష్టారు చాలాసేపు కప్పుకేసి చూశారు. పెంకులు లెక్కపెడుతున్నారా అని అడిగాను. అవునన్నారు. ఎన్ని అంటే చెప్పలేదు."

సోమవారం పొద్దున తలలు లెక్కపెడితే పదహారొచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను. అది రెండు చేతులా పుస్తకం పట్టుకుని మొత్తం పేజీ చదివింది. పద్నాలుగున కమిటీవాళ్లు ముగ్గురొచ్చారు. ముగ్గురూ మీ నివేదిక చదివారు, రోజుపుస్తకం చదివారు, ఎర్ర పేజీ దగ్గర ఆగారు. "ఇదేమిటమ్మా?" అని అడిగారు ఒకాయన. నేను నోరు తెరిచేలోపు తుమ్ముల పిల్లాడు లేచి, "పెద్దవాళ్లు రాసింది సార్, వాళ్లకింకా అలవాటు కాలేదు" అన్నాడు. ఆయన నవ్వారు. ఇంకో ఏడాది ఇచ్చారు. ఏడాదే. వచ్చే ఫిబ్రవరికి మళ్లీ ఇదే భయం.

రెండడుగుతాను. జూన్ నుంచి వారానికి రెండు రోజులు పెద్దపిల్లలకి మీరు రండి, గొంతు లేకపోయినా ఫర్వాలేదు, వీళ్లు గుసగుసలకి నవ్వరు. రెండోది, నాన్నని క్షమించారా?

మీ అమ్మాయి

ఏప్రిల్ 23

అమ్మాయీ,

ఈ ఏటికి బడి ఆఖరి రోజు కదా అని ఇవాళ రాస్తున్నాను. తొమ్మిది వారాలు ఊరుకున్నానంటే రాయడానికేం లేక కాదు. రాసి నాలుగుసార్లు చించాను. ప్రెస్సువాడి చెత్తబుట్ట నిండింది.

ఏడాదిలో పిల్లలు ఏం నేర్చుకున్నారని నివేదికలో చాలా రాశాను. వాన కొలవడం, బావి లోతు, గోడ మూల. రాయనిది ఒకటుంది. ఎనిమిదేళ్ల పిల్ల తన తప్పు ముందు రాసి, నా తప్పు తర్వాత రాసింది. ఆ వరస ఎవరు నేర్పారు దానికి? నేను కాదు. నాకిన్ని పుస్తకాలుండీ ఆ వరస రాలేదు. బడి ఇంకో ఏడాది ఉండాలనడానికి అదొక్కటే కారణం చాలు, కమిటీ పదహారు తలలు లెక్కపెట్టుకుంటే పెట్టుకోనీ.

పదిహేడు అర్జీల గురించి కూడా ఒక మాట. అవి మీ నాన్న బల్ల మీద కూర్చున్నాయని రాశాను. ఆ బల్ల మీదివి పైకి వెళ్లేవే కానీ ఏదీ అక్కడ ఆగేది కాదని ఇప్పుడు అనుమానమొస్తోంది. అనుమానమే, రుజువు లేదు. రుజువు లేకుండా నమ్మడం నాకు ఈ వయసులో కొత్త.

జూన్‌లో వస్తానని మాటివ్వను. మాటలివ్వడం మా ఇంట్లో అచ్చిరాలేదు. బస్సు టైములు మాత్రం కనుక్కున్నాను.

ఇక నీ రెండో ప్రశ్న. మా నాన్నని తప్పు పట్టలేను. చూపు పోతున్న మనిషి భయపడ్డాడు, నా బడి కోసమూ భయపడ్డాడు. నన్ను నేను తప్పు పట్టుకోవడమంటావా, అది రోజూ జరుగుతూనే ఉంది, ఎవరి సాయమూ అక్కర్లేదు. కానీ ఆ ఒట్టు మా నాన్నతోనే పోయింది. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు మీ నాన్నని ఎవరు ఆపారు? ఒక కార్డు ముక్క చాలు. రాయలేదు. ఇంట్లోనో పెళ్లిళ్లలోనో ఎదురుపడితే నేను మొహం తిప్పుకునేవాణ్ణి, వాడు ఎదురుగా నిలబడి తిప్పించుకునేవాడు. నేను కప్పుకేసి లెక్కపెట్టింది పెంకులు కాదు, ఆ ఏళ్లు. పోట్లాడటానికి ఒక మనిషిని మిగల్చకుండా పోయాడు. చివరికి చూడటానికి కూడా నేను వెళ్లలేదు, వెళ్లకుండా చేసింది ఆ మౌనమే. కనుక లేదు, క్షమించలేదు. ఇంతా తెలిశాక కూడా నేను తప్పు పట్టేది ఒకే ఒక్క మనిషిని. మా తమ్ముణ్ణి.